మొరం బాటన వారం వారం సైకిళ్లు.. బాట మిగిలేనా?

వేగాన్ని బట్టి జట్లు.. పల్లెల మీదుగా సవారీ
కనుమరుగవుతున్న నక్ష బాటలు
పట్నానికీ పల్లెకూ ఉమ్మడి సమస్య

వికారాబాద్: ఆదివారం పొద్దు పొడవక ముందే అనంతగిరి గుట్టల చుట్టుపక్కల పల్లెల్లో కుక్కల అరుపులు మొదలవుతాయి. పాల క్యాన్లతో బయల్దేరిన రైతులకు, చేనుకు పోయే కూలీలకు ఎదురుగా సైకిళ్లు బారులు తీరి వస్తాయి. తలకు హెల్మెట్, ముందు తెల్లని దీపం, వెనుక మిణుకుమిణుకుమనే ఎర్ర దీపం. వచ్చినవారు తారు రోడ్డు పట్టుకుని నేరుగా పోరు. ఊరు దాటగానే ఎర్రమట్టి బండ్లబాటలోకి మళ్లుతారు. మంచి రోడ్డు ఉండగా ఈ గతుకుల బాట ఎందుకని మొదట్లో విస్తుపోయిన పల్లె జనం ఇప్పుడు చేయెత్తి పలకరించడం అలవాటు చేసుకున్నారు.

పట్నంలో దీనిని గ్రావెల్ రైడ్ అంటున్నారు. మన ప్రాంతంలో ఆ మాటకు సరిపోయే పదం ఎప్పటినుంచో ఉంది. అదే మొరం. వారానికి ఒకనాడు, పోటీ లేకుండా, ఎవరి వేగానికి తగిన జట్టులో వారు చేరి మొరం బాటల మీద సాగే ఈ సామూహిక సవారీ పైకి సంపన్నుల సరదాగానే కనిపిస్తుంది. నిశితంగా పరిశీలిస్తే మాత్రం ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. నిదానంగా తొక్కేవారికి ఈ జట్లలో చోటు ఉందా అన్నది మొదటిది. అసలు తొక్కడానికి బాటే మిగులుతుందా అన్నది రెండోది. మొదటిది సైకిలిస్టుల సమస్య కాగా రెండోది రైతు సమస్య కూడా కావడం గమనార్హం.

చెకుముకి గుట్టల నుంచి..

ఈ ఒరవడికి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం పెద్ద చిరునామాగా మారింది. అక్కడి ఎంపోరియా అనే చిన్న పట్టణం చుట్టూ ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి మైదానాలు ఉన్నాయి. పేరుకు తగ్గట్టే అవి చెకుముకి రాళ్ల గుట్టలు. ఆ రాళ్లు కత్తుల్లా టైర్లను చీల్చుతాయి. 2006లో 34 మంది ఆ బాటల మీద 200 మైళ్లు, అంటే సుమారు 320 కిలోమీటర్ల సవారీకి పూనుకున్నారు. నేడు అన్‌బౌండ్ గ్రావెల్ పేరిట జరుగుతున్న ఆ పోటీకి ఏటా వేల మంది హాజరవుతున్నారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022 అక్టోబరులో ఇటలీలోని వెనెటో ప్రాంతంలో తొలి గ్రావెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ నిర్వహించడంతో ఈ విభాగానికి అధికారిక గుర్తింపు సైతం లభించింది.

కాన్సాస్‌లోనే ఇది ఇంతగా వేళ్లూనుకోవడానికి కారణం ఉంది. ఆ రాష్ట్ర రహదారుల్లో అత్యధిక భాగం నేటికీ తారు వేయనివే. భూమిని చదరపు మైళ్ల గడులుగా కొలిచినప్పుడు ఆ గడుల హద్దుల వెంబడే ప్రజల దారులు వెలిశాయి. కంకర పరిచి వాటిని నిర్వహించే బాధ్యతను స్థానిక సంస్థలు చూస్తున్నాయి. అంటే సైకిల్ రాకముందే బాట ఉంది, బాటకు చట్టపు రక్షణ ఉంది. మన దగ్గర ఈ రెండో అంశమే కొరవడింది.

సైకిల్ విషయానికొస్తే తేడా ప్రధానంగా టైరులో కనిపిస్తుంది. తారు రోడ్డు కోసం చేసిన ఖరీదైన సైకిల్‌కు 25 నుంచి 28 మిల్లీమీటర్ల సన్నని టైర్లు, అధిక గాలి ఒత్తిడి ఉంటాయి. గ్రావెల్ సైకిల్‌కు 35 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వాడి, గాలిని బాగా తగ్గిస్తారు. మెత్తగా ఉన్న టైరు రాయిని మింగి ముందుకు పోతుంది. తుమ్మ ముల్లు, పల్లేరు కాయ గుచ్చుకుంటే పూడుకుపోయేందుకు లోపల జిగురు ద్రవం పోస్తారు. ఇవి అరలక్ష రూపాయల నుంచి లక్షల్లో పలుకుతున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినా సామాన్యుడికి అవి అందని ద్రాక్షలే. అయితే పల్లెలో పాలు మోసే నల్ల సైకిల్ ఇదే బాటలో దశాబ్దాలుగా నడిచింది. మొరం బాటకు కొత్తగా వచ్చినవి టైర్లే తప్ప సవారీ కాదు.

దూరం వేరు.. సమయం ఒక్కటే

సామూహిక సవారీల్లో తొలి చిక్కు వేగం దగ్గరే వస్తుంది. పదేళ్లుగా తొక్కుతున్నవాడు, నిన్న సైకిల్ కొన్నవాడు ఒకే వరుసలో నిలబడితే మొదటి గుట్ట ఎక్కేసరికి వరుస తెగిపోతుంది. వెనుకబడిన వ్యక్తి దారి తెలియని కూడలిలో ఒంటరిగా నిలుస్తాడు. సెల్‌ఫోన్‌కు సంకేతం అందదు. టైరు పంక్చరైతే దిక్కుండదు. అలాంటి అనుభవం ఎదురైన వ్యక్తి మరుసటి వారం రాడు. ముఖ్యంగా మహిళలు, వయసు పైబడినవారు, స్థూలకాయులు ఈ విధంగానే దూరమవుతున్నారు. ఆరోగ్యం కోసం సైకిల్ తొక్కాల్సిన అవసరం వారికే ఎక్కువ కావడం ఇక్కడి విషాదం.

దీనికి విరుగుడుగా వచ్చినదే వేగాన్ని బట్టి జట్లు కట్టే పద్ధతి. మొరం బాట మీద గంటకు 24 కిలోమీటర్ల దాకా పోగలిగినవారు ఒక జట్టు, 18 వద్ద సాగేవారు మరో జట్టు, 12 చాలనుకునేవారు మూడో జట్టు. తారు రోడ్డుతో పోలిస్తే ఈ వేగాలు తక్కువే. గులకరాళ్ల మీద పట్టు జారుతుంది, ఇసుక మేటల్లో చక్రం కూరుకుపోతుంది. అందుకే తారు మీది వేగాన్ని నమ్ముకుని జట్టును ఎంచుకున్నవారు తొలినాడే చతికిలపడుతుంటారు.

జట్లు విడదీసినంత మాత్రాన సమస్య తీరదు. అందరికీ 40 కిలోమీటర్ల దారే నిర్ణయించారనుకుందాం. మొదటి జట్టు గంటా 40 నిమిషాల్లో తిరిగి వస్తుంది. మూడో జట్టుకు మూడు గంటలు దాటుతుంది. ముందొచ్చినవారు టిఫిన్ ముగించి కార్లెక్కుతారు. చివరివారు వచ్చేసరికి ఖాళీ బెంచీలు మిగులుతాయి. వేసవిలోనైతే వారు ఎండ ముదిరాక చేరుకుంటారు. అంటే బలహీనులకే ఎండ, బలహీనులకే ఒంటరితనం.

అందుకే దూరాన్ని కాకుండా సమయాన్ని సమానం చేయడం మేలైన మార్గం. ఆరు గంటలకు అందరూ బయల్దేరి రెండున్నర గంటలు తొక్కుతారనుకుంటే మొదటి జట్టు 60, రెండోది 45, మూడోది 30 కిలోమీటర్లు తిరిగి ఒకే సమయానికి ఒకే హోటల్ ముందు దిగుతాయి. ఛాయ్ అందరికీ కలిపే పోస్తారు. కష్టసుఖాలు అక్కడే మాట్లాడుకుంటారు. సామూహిక సవారీకి అర్థం సిద్ధించేది ఈ ఛాయ్ దగ్గరేనన్నది కాదనలేని విషయం.

మూడో జట్టుకు మరో కట్టుబాటు ఉండాలి. ఎవరినీ విడిచిపెట్టి పోరాదు. ముందు దారి చూపే వ్యక్తి, చివరన కాపుగా వచ్చే వ్యక్తి ఇద్దరూ అనుభవజ్ఞులై ఉండాలి. ప్రతి కూడలిలో చివరి సైకిల్ కనబడేదాకా ఆగాలి. దీనికి వేగంగా తొక్కగలిగినవారే వంతులవారీగా ముందుకు రావాల్సి ఉంటుంది. నెలలో ఒక ఆదివారం తమ ఉబలాటాన్ని పక్కనబెట్టి వెనుక నడవగలిగినప్పుడే జట్టు నిలుస్తుంది.

పోటీ లేకుండా కాలపరిమితితో సాగే సవారీలు మన దేశానికి కొత్తవి కావు. ఆడాక్స్ ఇండియా ఆధ్వర్యంలో జరిగే బ్రెవేలలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటల గడువు ఉంటుంది. గడువులోపు వచ్చిన వారంతా సమానమే. ముందొచ్చినవారికి బహుమతి ఉండదు. నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ 1,200 కిలోమీటర్ల సవారీకి సైతం ఇదే నియమం, గడువు 90 గంటలు. వారాంతపు మొరం సవారీలు ఈ స్ఫూర్తిని తీసుకోదగినవి.

తారు రోడ్డును వదలడానికి కారణం

సైకిలిస్టులు మట్టి బాట పట్టడానికి ప్రకృతి ప్రేమ ఒక్కటే కారణం కాదు. భయం కూడా కారణమే. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరగగా 1,68,491 మంది మృతి చెందారు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా వచ్చే బీజాపూర్ రహదారి ఈ ప్రాంత ప్రజలకు నిత్యం గుబులు పుట్టిస్తోంది. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల విస్తరణ మర్రి చెట్ల తొలగింపు వివాదంతో ఏళ్ల తరబడి ముందుకు సాగలేదు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర లోడుతో వస్తున్న టిప్పర్, తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొనడంతో 19 మంది ప్రాణాలు కోల్పోయారు. బస్సులో ఉన్నవారికే రక్షణ లేని దారిలో సైకిల్ తొక్కేవాడి పరిస్థితి ఏమిటో వేరుగా చెప్పనక్కర్లేదు.

నగరానికి ఆనుకుని ఒక ప్రత్యేక ట్రాక్ ఉన్నమాట నిజమే. బాహ్య వలయ రహదారి సర్వీసు రోడ్డు వెంట సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గాన్ని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. ఎండా వానల నుంచి రక్షణ, భద్రత రెండూ అక్కడ లభిస్తాయి. అయితే అది వ్యాయామ మార్గమే తప్ప ఊరి నుంచి ఊరికి తీసుకుపోయే బాట కాదు. ఊరిని చూడాలన్నా, కంది చేను గట్టున ఆగాలన్నా మొరం బాటే శరణ్యం.

నక్షలో ఉంది.. నేల మీద లేదు

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతోంది. నిజాం కాలపు సర్వేలో తయారైన గ్రామ నక్షల్లో ఊరికీ ఊరికీ మధ్య, ఊరికీ చెరువుకీ మధ్య బండ్లబాటలు గీసి ఉన్నాయి. పల్లెల్లో వీటిని నక్ష బాట అంటారు. 1317 ఫసలీ నాటి తెలంగాణ ప్రాంత భూమిశిస్తు చట్టం ప్రకారం ప్రజల దారులు, బాటలు సర్కారు ఆస్తి. కాగితం మీద ఇంత బలమున్న బాట నేల మీద మాత్రం ఏటా సన్నబడుతోంది. ఎడ్లబండ్లు తగ్గడంతో అటు ఇటు ఉన్నవారు నాగలి సాళ్లను బాటలోకి జరుపుతూ వచ్చారు. ఆ తర్వాత వెంచర్లు వచ్చాయి. ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. బాట మధ్యలోనే కడీలు పాతి, ముళ్లతీగ బిగించి, ఇనుప గేటు పెడితే అడిగే నాథుడే లేడు.

గేటు పడినప్పుడు సైకిలిస్టు మరో దారి వెతుక్కుంటాడు. నష్టపోయేది గేటుకు అవతల చేనున్న సన్నకారు రైతు. ట్రాక్టరు పోదు, వరికోత యంత్రం పోదు, పత్తి బస్తాలు నెత్తిన మోయాల్సి వస్తుంది. బాట లేని భూమికి ధర పడిపోతుంది. చివరకు గేటు పెట్టినవారికే ఆ భూమిని తెగనమ్ముకోవాల్సిన దుస్థితి దాపురిస్తుంది. నక్ష బాట తగాదాలు తహసీల్ కార్యాలయాల్లో ఏళ్ల తరబడి నానుతుండడం తెలిసిందే.

భూరికార్డుల్లో మార్పులు వస్తున్నా బాట సంగతి వెనుకబడే ఉంది. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి అమల్లోకి వచ్చింది. రాష్ట్రంలో నాలుగు వందలకు పైగా గ్రామాలకు నక్షలే లేవని గుర్తించి కొన్నింటిలో ప్రయోగాత్మకంగా సర్వే చేపట్టారు. ఎవరి భూమి ఎంత అన్నదే ఈ కసరత్తులో ప్రధానాంశం. అందరిదీ అయిన బాట గురించి అర్జీ పెట్టేవారు అరుదు.

ఇంగ్లండ్ అనుభవం ఈ విషయంలో పరిశీలించదగినది. అక్కడ 1949 నాటి చట్టంతో ప్రజల కాలిబాటలు, గుర్రపు బాటలన్నింటినీ గుర్తిస్తూ నిర్ణీత పటాలు తయారుచేయించారు. ఆ పటంలో గీత ఉంటే అది ప్రజల దారి అనడానికి తిరుగులేని రుజువు. 1968 చట్టంతో గుర్రపు బాటలపై సైకిళ్లకూ హక్కు కల్పించారు. భూమి యజమాని ఎవరైనా దారిని మూయరాదు. మన నక్షలకు అంతటి విలువ ఆచరణలో దక్కినప్పుడే బండ్లబాటలు బతుకుతాయి.

బాటలు కనుమరుగవడానికి కబ్జా ఒక్కటే కారణం కాదు. పూడూరు మండలంలోని దామగుండం అడవి బాటలు నగర సైకిలిస్టులకు చిరకాలంగా సుపరిచితం. నౌకాదళ వీఎల్ఎఫ్ కమ్యూనికేషన్ కేంద్రం కోసం సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిని కేటాయించి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. దేశ రక్షణ అవసరం కాదనలేనిదని ఒకరు, మూసీ పుట్టిన ప్రాంతపు అడవికి నష్టమని మరొకరు వాదించారు. ఏదేమైనా సైకిలిస్టులకే కాదు, పశువుల కాపరులకూ ఆ అడవిలో పాత స్వేచ్ఛ ఇక ఉండదు.

ఇక తారు వేయడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. సవారీకి అందంగా ఉందని ఊరి బాటను మట్టిగానే ఉంచాలని కోరడం అన్యాయం. వర్షాకాలంలో 108 వాహనం రాలేని ఊరికి తారు రోడ్డు ప్రాణావసరం. సైకిలిస్టులు కోరదగినది ఒక్కటే. ఊరి రోడ్డుకు తారు వేయాలి, చేను బాటకు మొరం పోయాలి, ఏదీ మూసుకుపోకూడదు.

పల్లెకు ఒరిగేదేమిటి?

వారానికోసారి వచ్చే అతిథుల వల్ల ఛాయ్ హోటల్‌కు నాలుగు పైసలు వస్తాయి. ఇడ్లీ, ఉప్మా, అరటిపండ్లు అమ్ముడవుతాయి. అంతకుమించి ఇప్పటివరకు పల్లెకు ఒరిగింది స్వల్పమే. మరోవైపు చిన్నచిన్న చికాకులు లేకపోలేదు. తినేసిన పొట్లాల కాగితాలు గట్ల మీద పడుతున్నాయి. ఆరబోసిన వడ్ల మీదుగా చక్రాలు పోతే రైతుకు మండిపోతుంది. వాన పడిన మరునాడు నల్లరేగడి బాటలో దిగితే సైకిల్ కదలకపోవడమే కాక, పడిన చాళ్లు ఎండి గట్టిపడి బండికీ మనిషికీ ఇబ్బందవుతాయి. ఎర్రమొరం నీటిని త్వరగా ఇంకించుకుంటుంది, నల్లరేగడి పట్టి ఉంచుతుంది. ఈ తేడా తెలియనివారు రైతును అడిగి కదలడం ఉత్తమం.

పల్లెకు సైకిల్‌తో పాత బంధమే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో సుమారు సగం కుటుంబాలకు సైకిల్ ఉంది. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు ఇచ్చే పథకం చేపట్టాక ఉన్నత పాఠశాలల్లో వారి చేరికలు గణనీయంగా పెరిగినట్లు ఆర్థికవేత్తల అధ్యయనంలో తేలింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ ఫలితం ఎక్కువగా కనిపించింది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990 దశకం ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేల మంది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకుని తమంతట తాము తిరగగలిగారు. అక్కడ సైకిల్ నేర్పింది వ్యాయామాన్ని కాదు, స్వేచ్ఛను.

నేడు మన పల్లెల్లో యువకుడి చేతికి మోటారు సైకిల్ రాగానే సైకిల్ చిన్నతనంగా మారింది. లక్షల విలువైన సైకిల్ మీద పట్నవాసి వస్తుంటే పాత సైకిల్‌పై గడ్డిమోపుతో ఎదురొచ్చే రైతు సిగ్గుపడి పక్కకు తప్పుకోవడం విచిత్రం. వారాంతపు జట్లు స్థానిక పిల్లలను, ముఖ్యంగా బడి బాలికలను మూడో జట్టులో కలుపుకుంటే ఈ దూరం కొంతైనా తగ్గుతుంది. వారి వద్ద గేరు సైకిల్ ఉండక్కర్లేదు. గంటకు 12 కిలోమీటర్ల వేగానికి మామూలు సైకిల్ చాలు. పైగా బాట వారికే బాగా తెలుసు.

ఇలా చేస్తే మేలు

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగి గ్రామాలకు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. దాదాపు రెండేళ్ల విరామం తర్వాత వచ్చిన ఈ సర్పంచులు గ్రామసభలో నక్ష బాటల జాబితాను చదివి వినిపించడంతో పని మొదలుపెట్టవచ్చు. ఏ బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పంచాయతీ గోడ మీద రాయిస్తే ఆక్రమించేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. సర్వే సిబ్బంది హద్దురాళ్లు పాతేటప్పుడు బాటకూ రాళ్లు పాతించుకోవాలి.

సైకిలిస్టుల చేతిలోనూ ఒక ఆయుధం ఉంది. వారం వారం తాము తిరిగిన ప్రతి దారినీ వారి ఫోన్లు, చేతి గడియారాలు తేదీతో సహా నమోదు చేస్తున్నాయి. ఫలానా బాట మొన్నటి వరకు తెరిచి ఉందనడానికి అది చిన్న ఆధారమే అయినా, నక్ష ప్రతితో జతచేసి గ్రామస్థులకు అందిస్తే అర్జీకి బలం చేకూరుతుంది. జట్లలో ఉన్నవారిలో న్యాయవాదులు, ఇంజినీర్లు, ఉద్యోగులు ఉంటారు. రైతు ఒక్కడే కార్యాలయం చుట్టూ తిరగడానికీ, వీరు వెంట నిలవడానికీ తేడా ఉంటుంది.

నిదానంగా వచ్చేవారి కోసం కూడలిలో ఆగడం ఈ సవారీల్లోని మంచి నియమం. ఆ నియమాన్ని పల్లెకూ వర్తింపజేయాల్సిన తరుణమిది. తమ వేగంతో సాగిపోయి దుమ్ము మాత్రమే మిగిల్చితే గేట్లు ఒక్కొక్కటే పడుతూ, మరికొన్నేళ్లలో మూడు జట్లకూ ఒకే దారి మిగులుతుంది. అది టిప్పర్లు తిరిగే రహదారే అవుతుంది. ఆగి, అడిగి, వెంట నిలిస్తే ఆదివారం సైకిల్‌కూ, సోమవారం ఎడ్లబండికీ అదే మొరం బాట తెరిచి ఉంటుంది.